మెఱుగును మురికియు

శుభ్రతను గూర్చి వ్రాయుటకు మాకు అధికారము లేదు. ఇరువదేండ్లుగా పాఠశాలలో దానిని గూర్చి ఉపన్యసించుచున్నాము. పిల్లలచేత దానిపై వ్యాసములు వ్రాయించి మార్కులు వేయుచున్నాము. కాని మేము తిన్న కంచమును మేమే కడిగిన దినములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. అట్టి మేము ఈ విషయమున కలము పట్టుటకు కారణము 2023వ సంవత్సరపు వేసవిలో జరిగిన యొక సంగతి. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను మా తెలివితక్కువతనము మఱి నాలుగిండ్లకు తెలివి కావచ్చునను ఆశతో చెప్పుచున్నాము.

మా తమ్ముడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున, హ్యూస్టను నగరమునకు చేరువను కాపురమున్నాడు. ఆ యేటి వేసవి సెలవులలో మా అమ్మను వెంటబెట్టుకొని అతనియింటికి పోయి ఆఱు వారములుంటిమి. తమ్ముడు, మా మరదలు, మూడేండ్ల పాప, ఇంతే ఆ సంసారము. ఇంటి కంటుకొని కారు నిలుపుకొను గది యొకటి కలదు. దానినే వారు గ్యారేజి యందురు. అందులో కారొకమూలను, బట్టలుతుకు యంత్ర మొకమూలను, తమ్ముని పనిబల్ల యొకమూలను ఉండెను. మొదటి శనివారము సాయంకాలమున అతడు సంచి యొకటి తెచ్చి ఆ బల్లమీద కుమ్మరించెను. వ్రేలెడేసి ఇత్తడి గొట్టములు నాలుగైదు వందలు గలగలమని దొరలినవి. కొన్నింటి మూతులు మసిబాఱి యుండెను, కొన్నింటికి మన్నంటియుండెను.

"ఏమిరా ఇవి? బొమ్మరింట్లో పెట్టే చెంబులా?" అని అమ్మ అడిగెను.

అవి పేలిపోయిన తూటాల డొల్లలు.

తమ్ముడు వారమున కొకమాఱు గుఱిచూచి కాల్చు అభ్యాసస్థలమునకు పోయి కాగితపు గుఱిని కొట్టివచ్చుచుండెను. వేట యెఱుగడు, చీమను గూడ తెలిసి త్రొక్కడు. గుఱిచూచునప్పుడు మనస్సు కుదురుపడునని అతని వాదము. గాంధీగారి పటముక్రింద కూర్చుండి పాఠములు చెప్పు వారము గనుక మేము మొగము చిట్లించితిమి. మనదేశమున 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకిగాని తూటాగాని ఉంచుకొనుట నేరమని జ్ఞప్తికి తెచ్చితిమి. "ఇక్కడి చట్టం వేరు అన్నయ్యా" అని అతడు నవ్వెను. అతిథిగా వచ్చినవాడు ఆ దేశపు ఆచారమును గూర్చి తగవులాడరాదని ఊరకుంటిమి. ఊరకుండుటయే కాదు, నాలుగు దినములు గడచునప్పటికి ఆ పనియందు మాకును ఆసక్తి పుట్టెను. ఏ పనియైనను ఓపికగా చేయువానిని చూచుచు కూర్చుండుటలో ఒక సుఖము కలదు గదా.

తూటా యనునది ఒక్క వస్తువు కాదు, నాలుగు వస్తువుల కూర్పు. దూసికొనిపోవు గుండు ఒకటి. దానిని త్రోయు మందు రెండవది. ఆ మందును వెలిగించు ప్రైమరు మూడవది. ఈ మూటిని ఒద్దికగా పట్టియుంచు ఇత్తడి డొల్ల నాల్గవది. ప్రైమరనగా బడిపిల్లల మొదటి వాచకమని మేమనుకొంటిమి. అది డొల్ల యడుగున బిగించిన చిన్న మూత. సూది దెబ్బ తగులగానే నిప్పు గ్రక్కును. కాల్చినపిమ్మట గుండు పోవును, మందు కాలిపోవును, ప్రైమరు చల్లాఱును. డొల్ల మాత్రము మిగులును. ఏఱి తెచ్చి, శుభ్రము చేసి, కొలతలు సరిచూచి నింపుకొన్నచో ఒక్కొక్క డొల్ల పలుమాఱులు పనికివచ్చునట. కొత్త తూటాలు కొనుటకంటె ఖర్చు తక్కువయని తమ్ముడనెను. చిరిగిన పుస్తకమునకు అట్టవేసి తమ్మునికి దాచిన ఇంట పుట్టినవాడు గనుక అతనికి ఈ బుద్ధి యబ్బుటలో వింత లేదు.

ఆ డొల్లల ఇత్తడిలో నూటికి డెబ్బది పాళ్ళు రాగి, ముప్పది పాళ్ళు తుత్తునాగము. ఈ పాళ్ళుగల ఇత్తడి మిక్కిలి సాగుడు గలది. పలుచని గొట్టముగా లాగినను తెగదు. తుపాకి పేలినపుడు లోపలి వాయువు ఒత్తిడికి డొల్ల ఉబ్బి గొట్టపు గోడకు అదుముకొని, వాయువు వెనుకకు రాకుండ అడ్డుపడును. ఒత్తిడి తగ్గగానే కొంచెము ముడుచుకొని సులభముగా వెలికివచ్చును. అమరకోశమున ఇత్తడికి రీతి యనియు, ఆరకూట మనియు పేళ్ళు. వామనుడు కావ్యమునకు ఆత్మ యని చెప్పిన రీతి వేఱు, ఈ రీతి వేఱు. అయినను రెండింటను మెఱుగునే చూచి మోసపోవువారు కలరని తరువాత మాకు తెలిసెను.

"దీని నింత శ్రమపడి మెఱుగుపెట్టుట యెందుకు?" అని అడిగితిమి. తమ్ముడు చెప్పిన సమాధానము మాకు నచ్చెను. డొల్లకంటిన ఇసుకయు మసియు అచ్చులోనికి పోయినచో అచ్చు గీతలుపడును. అది మొదటి కారణము. కాల్చి, ఒత్తి, మరల కాల్చుటచేత డొల్ల మెడ పెళుసుబాఱి సన్నని బీటలు పడును. అడుగుభాగమునకు కొంచెము పైగా ఒక తళుకు వలయము పొడగట్టినచో అది అక్కడ తెగుటకు సిద్ధమైనదని గుర్తు. ఇవి మసి క్రింద కనబడవు. బీటపడినదానిని గుర్తించి పాఱవేయుటయే శుభ్రము చేయుటకు ముఖ్య ప్రయోజనము. "తళతళలాడటం మన సరదా అన్నయ్యా. గుఱికి దానితో పని లేదు" అని అతడనెను. ఈ మాట అప్పుడు విని మెచ్చుకొంటిమి. విన్నంతమాత్రమున తెలిసికొన్నట్లు కాదు.

శుభ్రపఱచు యంత్రమును చూపి "ఇది టంబ్లరు" అనెను. "అంత పెద్ద లోటాతో కాఫీ ఎవరు తాగుతారురా?" అని అమ్మ. అది బకెట్టంత గుండ్రని పాత్ర. విద్యుచ్ఛక్తితో గడగడ వణకుచుండును. అందులో మొక్కజొన్న కండెల నూకయు, అక్రోటు పెంకుల రవ్వయు పోసి, డొల్లలను వేసి మూతపెట్టి మూడు గంటలు ఆడించును. ఆ రవ్వ ఒరసి ఒరసి మసిని తినివేయును. పిమ్మట అంతయు జల్లెడలో పోసి చల్లించును. ఆ జల్లెడ మా మరదలి వంటింటి పాత జల్లెడయే. గ్యారేజి తలుపు సగమెత్తి యుండుటచేత సాయంకాలపు టెండ ఏటవాలుగా లోపలికి వచ్చుచుండెను. ఆ యెండలో లేచిన దుమ్ము బంగారు పొగవలె తేలియాడెను. జల్లెడలో మిగిలిన డొల్లలు కార్తికపు దీపములవలె మెఱసెను. మేము "ఆహా" అంటిమి. మా మరదలు చీర చెంగు ముక్కునకు అడ్డుపెట్టుకొని ఉతికిన బట్టలబుట్ట నెత్తుకొని లోపలికి పోయెను.

అమ్మకు ఆ యంత్రము గిట్టలేదు. "మూడు గంటలు మోత ఎందుకురా? గుప్పెడు చింతపండూ, చిటికెడు ఉప్పూ ఇయ్యి" అని, పది డొల్లలను దీసికొని, చింతపండు పిప్పితో తోమి, కడిగి తుడిచి బల్లమీద నిలిపెను. యంత్రము ఆడించినవానికి ఏ మాత్రమును తీసిపోలేదు. అప్పుడు మేము గొంతు సవరించుకొని ఉపన్యాసము ప్రారంభించితిమి. చింతపండులో టార్టారికామ్లము కలదనియు, నిమ్మపండులో సిట్రికామ్లము కలదనియు, లోహముపై పట్టిన మాపును ఆమ్లము కరగించుననియు చెప్పితిమి. మనుస్మృతి యైదవ అధ్యాయమున రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము అను లోహములకు బూడిద, పులుసునీరు, మంచినీరు అనువానిచేత తగినట్లుగా శుద్ధి చెప్పబడినదని చెప్పి, పూర్వులకు తెలియని దేమున్నదని చేయి త్రిప్పితిమి. ఆ పట్టికలో సీసము పేరు మా నోటనే పలికితిమి. సీసమునకు శుద్ధి కలదుగాని, సీసమువలన నైన మాలిన్యమునకు శుద్ధి యేమని ఆలోచింపలేదు.

ఆ రాత్రి మాకు చిన్ననాటి పెరడు జ్ఞప్తికి వచ్చెను. పండుగ ముందు దినమున అమ్మ అజ్జరపు బిందెలు, చెంబులు, గంగాళము, కుందులు నూతిగట్టుకడ కుప్పవేసికొని కూర్చుండెడిది. చింతపండు, కచ్చిక బూడిద, కొబ్బరిపీచు ప్రక్కన నుండెడివి. చేతులు మోచేతులవఱకు నల్లనయ్యెడివి. గోళ్ళ సందులు పులుపునకు మండెడివి. మెఱసెడు పాత్రలను ఒక్కొక్కటిగా ఇంటిలోనికి తెచ్చి అరుగుమీద వరుసగా పేర్చుట మా పని. పేర్చి, వానిలో మా మొగము చూచుకొని మురిసెడివారము. పెరటిలో అమ్మ కాళ్ళక్రిందుగా పాఱిన నల్లని నీరు ఎక్కడికి పోయినదో మేమెన్నడును చూడలేదు.

ఇక మా తప్పు చెప్పవలెను. పాపకు మేము క్రొత్తవారము. మా భాష దానికి సగము తెలియును, దాని భాష మాకు సగము తెలియును. స్నేహము కుదుర్చుకొనుటకు ఉపాయమేమా యని వెదకుచుండగా ఆ డొల్లలు మా కంటబడినవి. ఖాళీ డొల్ల మూతిని పెదవి క్రింద ఆనించి ఊదినచో చక్కని ఈల వచ్చును. తాటిబుఱ్ఱల కాలమునుండియు మాకీ విద్య తెలియును. ఒకటి ఊదితిమి, పాప చప్పట్లు చఱచెను. అది మొదలు ప్రతి సాయంకాలమును గ్యారేజి నేలమీద మా యిద్దఱి కచేరి. మేము ఊదుదుము, అది మా చేతిలోనిది లాగుకొని నోటబెట్టుకొని ఊదబోవును, రాకున్న కొఱకును. డొల్లలను నేలపై వరుసగా నిలిపి పడగొట్టును. ఆ చేతులతోనే బిస్కత్తు తినును. అవి శుభ్రము చేసినవో, చేయనివో అని మేము చూడలేదు.

ఒకనాడు మా మరదలు మాతో, "బావగారూ, మీరైనా చెప్పండి. ఆ దుమ్మంతా బట్టల మిషను మీద పడుతోంది. ఊడ్చి ఊడ్చి నా వల్ల కావడం లేదు. పసిపిల్ల తిరిగే చోటు" అని మొఱపెట్టుకొనెను. మేము పెద్దఱికముతో నవ్వి, "అమ్మా, అది మొక్కజొన్న కండె పొడి. తినెడు పదార్థమే గదా" అంటిమి. రెండు భాషలలో పట్టములు పొందినవాని మాట గనుక ఆమె మఱి మాటాడలేదు. ఈ వాక్యమును వ్రాయునప్పుడు సైతము మా చెవులు వేడెక్కుచున్నవి.

నాల్గవ వారమున పాపను ఏటేట చేయించు పరీక్షకై వైద్యురాలి కడకు తీసికొనిపోయిరి. ఇల్లెప్పటిది, పిల్ల మన్ను తినునా, తండ్రి పని యేమి, ఇంటిలోనివారికి వ్యాసంగము లేమి, అని ఆమె వరుసగా అడిగెనట. అలవాటుగా అడుగు ప్రశ్నలే. తమ్ముడు తూటాల సంగతి చెప్పగానే ఆమె కలము ఆపి, పిల్ల వ్రేలినుండి రక్తపుచుక్క తీయించెను. అందులో సీసము కనబడెను. సరిచూచుటకు నరమునుండి తీసి మరల పరీక్షించిరి. డెసిలీటరు రక్తములో 7 మైక్రోగ్రాములు. 2021వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారు పిల్లలవిషయమున జాగ్రత్తపడవలసిన మేర 3.5 అని నిర్ణయించి యున్నారు. ఇంతవఱకు హాని లేదని చెప్పదగిన మేర అసలు లేనేలేదు. సీసము పసిపిల్లల మెదడు పెరుగుదలను చెఱచును. చదువును, బుద్ధినిలుకడను తగ్గించును. ఇరువదేండ్లుగా పిల్లల బుద్ధిని పెంచుటయే వృత్తిగా గలవారము ఈలపాట నేర్పి చేసిన ఉపకారమిది.

సీసము ఎక్కడిది? ప్రైమరులోని మందులో సాధారణముగా సీసపు లవణ మొకటి ఉండును. అది పేలినపుడు సీసము సన్నని పొడియై డొల్ల లోపల పట్టుకొనును. గుండుయొక్క సీసమును కొంత అందులో చేరును. మొక్కజొన్న రవ్వ ఆ మసిని తినివేయునని చెప్పితిమి గదా. తిన్న మసి ఎక్కడికి పోవును? రవ్వలో నుండును. రవ్వను చల్లించినపుడు దుమ్మై లేచును. బట్టల యంత్రముపై, బుట్టలోని ఉతికిన బట్టలపై, నేలపై పడును. నేలపైనుండి పసిబిడ్డ అఱచేతికి, అఱచేతినుండి నోటికి వచ్చును. ఎండలో మేము చూచి "ఆహా" అన్న బంగారు పొగ అదియే. తమ్ముడు నెలల తరబడి చల్లించిన దుమ్ము ఇందులో అధికభాగము కావచ్చును, మా ఈలపాట అల్పభాగమే కావచ్చును. ఆ లెక్క చూచుకొని ఊరట పొందుటకు మాకు మనసొప్పలేదు.

ఆ రాత్రి ఇంటిలో ఎవరును పెద్దగా మాటాడలేదు. "నేను చెప్పలేదా" అని మా మరదలు అనవచ్చును, అనలేదు. గ్యారేజిలోనికి పోయి ఆ పాత జల్లెడను తీసి, తడిగుడ్డలో చుట్టి, సంచిలో కట్టి బయట పెట్టెను. తమ్ముడు పనిబల్ల ముందు చాలసేపు నిలువబడి యుండెను. అమ్మ మాత్రము, "దుమ్ము చిమ్మేవాళ్ళకే దుమ్ము సంగతి తెలుస్తుందిరా. చూసేవాళ్ళకు మెఱుగే కనబడుతుంది" అనెను. ఆమె మా యిద్దఱిలో ఎవరిని ఉద్దేశించెనో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

మఱునాటినుండి ఇంటి పద్ధతి మాఱెను. వైద్యురాలి సలహామేరకు గ్యారేజిని పొడిచీపురుతో ఊడ్చుట మానితిమి. ఊడ్చినకొలది దుమ్ము గాలిలో లేచును. తడిగుడ్డలతో గోడలు, నేల, బల్ల, యంత్రము తుడిచితిమి. ఈసారి తుడిచినవారము అన్నదమ్ములమే. పాపకు గ్యారేజి ప్రవేశము నిషిద్ధమైనది. ఇనుమును, సున్నపుధాతువును చాలినంతగా గల ఆహారము పెట్టినచో సీసము ఒంటికి తక్కువగా పట్టునని వైద్యురాలు చెప్పగా, అమ్మ రాగిజావయు తోటకూరపప్పును వంటింటి శాసనములుగా ప్రకటించెను.

తమ్ముడు డొల్లల పని మానలేదు, మానుమని మేమడుగలేదు. తీరు మార్చెను. పొడి రవ్వను విడిచి, మూత బిగిసిన పీపాను తెచ్చెను. అందులో నీరు, గిన్నెలు తోము సబ్బు కొంచెము, నిమ్మ ఉప్పు చిటికెడు, తుప్పుపట్టని ఉక్కు పుల్లలు వేసి డొల్లలతో దొరలించును. ఇందులో దుమ్ము లేవదు; సీసము నీటిలోనే నిలుచును. నిమ్మ ఉప్పు హెచ్చైనను, నానుట హెచ్చైనను ఇత్తడి గులాబివన్నెకు తిరుగును. కనుక మితము పాటింపవలెను. కడిగిన డొల్లలను పూర్తిగా ఆఱబెట్టవలెను. చేతులకు తొడుగులు, పనికి వేఱుబట్టలు, వానిని విడిగా ఉతుకుట, పని ముగియగానే చేతులను సబ్బుతో కడుగుకొనుట, పని జరుగుచోట తినకుండుట, త్రాగకుండుట. ఇవన్నియు కాగితముపై వ్రాసి గోడ కంటించెను. ఆ నల్లని నీటిని వంటింటి తొట్టిలోగాని, చెట్ల మొదటగాని పోయడు. సీసాలో నింపి, పేరు వ్రాసి, ఇంటి విషపదార్థములను స్వీకరించు స్థలమున అప్పగించి వచ్చును. మొదటిసారి ఆ సీసాను కారులో పెట్టునపుడు మేమును ప్రక్కనుంటిమి. ఇన్నాళ్ళు మెఱుగువైపే చూచిన కన్నులతో మేము మొదటిమాఱు మురికి పోవుచోటును చూచినది ఆనాడే.

నిద్ర పట్టని ఆ రాత్రులలో ఇత్తడిని గూర్చి చదువుచుండగా మనదేశపు కథ యొకటి తగిలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇక్కడ నుండిన బ్రిటిషు సైన్యమువారికి ఒక చిక్కు వచ్చెను. వానకాలమున నిలువ పెట్టిన తూటాల డొల్లలు ఎవరును ముట్టకుండగనే మెడలకడ బీటలు వాఱుచుండెను. వానకాలమున వచ్చుటచేత దానికి ఋతువును బట్టియే పేరు పెట్టిరి. వానలలో సైన్యము కదలిక తక్కువ గనుక తూటాలను గుఱ్ఱపు సాలలలో నిలువ చేసెడివారట. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమ్మోనియా ఆవిరి, గాలిలోని చెమ్మ, డొల్లను లాగి చేసినపుడు లోహమున మిగిలిపోయిన బిగువు, ఈ మూడును కలిసి ఇత్తడిని చీల్చుచుండెను. 1921వ సంవత్సరమున మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను మువ్వురు దీనిని విశదీకరించిరి. డొల్లను మితముగా వేడిచేసి లోపలి బిగువును పోగొట్టుట, అమ్మోనియా సోకకుండ కాపాడుట దీనికి నివారణ. నేటికిని ఇత్తడి మెఱుగు ద్రవములలో అమ్మోనియా గలవానిని డొల్లలకు తాకింపరాదని తెలిసినవారు చెప్పుదురు. మెఱుగు వచ్చును, బీటయు వచ్చును. గుఱ్ఱపు సాల మురికి గుఱ్ఱములవాని సంగతి యని, తూటాల లెక్క తూటాలవాని సంగతి యని ఎవరి పని వారు చూచుకొన్నంతకాలమును ఆ బీటకు కారణము దొరకలేదు.

మాకు తోచిన దింతే. మురికి నశించునది కాదు, చోటు మాఱునది. శుభ్రము చేయుట యనగా దానిని ఒకచోటినుండి మఱియొకచోటికి పంపుట. పంపిన చోట ఎవరున్నారో విచారింపని శుభ్రత శుభ్రత కాదు, పెత్తనము. మన యిండ్లలో ఇది క్రొత్తగాదు. వాకిట ముగ్గు మనది, వీధి కాలువ పరులది. మడిబట్ట మనది, దానిని ఉతికిన చేతులు మఱియొకరివి. కళాయి తళతళలాడిన చాలుననుకొందుము. తగరమున చవుకకై సీసము కలిపిరేమో యని అడుగము. మనదేశమున 2000వ సంవత్సరము వఱకు పెట్రోలులో సీసము కలిపి మన పిల్లలు పీల్చు గాలిలోనికే వదలుచుంటిమి. మనుష్యుల మలమును మనుష్యులచేత ఎత్తించుటను నిషేధించుటకు 1993లో ఒక చట్టము, చాలక 2013లో మఱియొక చట్టము కావలసివచ్చెను. దేశపు సంగతి అటుండనిండు. ఇంటిలోపలనే, తోమువారొకరు, మెచ్చువారొకరు. తోమువారు దుమ్మున్నదని చెప్పినపుడు, మెచ్చువారు శాస్త్రము చెప్పి నోరు మూయింతురు. మేము చేసిన దదియే. ఆనాడు ఆ గ్యారేజిలో నిజమైన శాస్త్రదృష్టి గలది చీర చెంగు ముక్కున కడ్డుపెట్టుకొన్న మా మరదలొక్కతెయే.

చదువరులు పాప సంగతి తెలిసికొనగోరుదురు. మేము తిరిగివచ్చిన మూడు నెలలకు పరీక్షింపగా 4. మఱి మూడు నెలలకు 2. తమ్ముడు టెలిఫోనులో ఆ సంఖ్య చెప్పిన ఉదయమున మేము బడికి ఆలస్యముగా పోయితిమి. మునుపు చేరినది ఏమి చెఱచినదో, ఏమియు చెఱుపలేదో, పిల్ల పెరిగిననే గాని తెలియదు. ఆ భయము తగ్గవలసినదేగాని తీఱునది కాదు. దానిని మేము మోయవలసినదే.

ఈ దీపావళికి అజ్జరపు కుందులు తోముటకు నూతిగట్టుకడ మేము కూర్చుంటిమి. అమ్మ అరుగుమీద కూర్చుండి చూచుచుండెను. చింతపండు పులుపునకు గోళ్ళ సందులు మండునని నలువదియైదవ యేట తెలిసికొంటిమి. నల్లని నీరు అరటిచెట్ల ప్రక్కగా పోయి, గోడక్రింది తూమునుండి సందులోనికి దిగి, మున్సిపాలిటీ పనిమనిషి చీపురుతో నిలుచు మలుపుకడ మడుగు కట్టుచున్నది. ఆ తూమునకు అడ్డుగా జాలి పెట్టించితిమి. మిగిలిన బూడిదను గుంటలో పూడ్చుచున్నాము. ఇది గొప్ప సంస్కారమని చెప్పుకొనుట లేదు. కంచము కడుగుకొనుట గూడ మొదలుపెట్టితిమి. మొదటి దినమున అమ్మ ఆ కంచమును వెలుతురున కెత్తి చూచి, "జిడ్డు పోలేదు. మళ్ళీ కడుగు" అనెను. మరల కడిగితిమి.